నన్ను కలవడానికి నేనే వచ్చాను

"మీరెవరో తెలియలేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అంది గోడకున్న మెషిన్, తేనె పూసిన గొంతుతో.

తొలకరి బొటనవేలిని చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

"మీరెవరో తెలియలేదు."

అది గొడుగుల కంపెనీ గేటు. తొలకరి అనేది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు జీతాలిచ్చే సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు. కంపెనీలో తయారైన ప్రతి కొత్త గొడుగునీ ముందు తనే పట్టుకుని, షవర్ ల్యాబ్‌లో కృత్రిమ వాన కింద నిలబడి, అది నిజంగా గొడుగో లేక గుడ్డపీలికో తేల్చడం ఆమె ఉద్యోగం. లోకమంతటికంటే ముందు తడిసే మనిషి కాబట్టి తొలకరి అన్నారు. అదే స్థిరపడింది.

ఏడాది తర్వాత ఆమె మళ్ళీ పనిలోకి వచ్చిన రోజది. ఈ ఏడాదిలో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు. నడుము దాకా నిటారుగా ఉండే జుట్టు రాలిపోయి, దాని చోట ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు పొట్టి ఉంగరాల జుట్టు మొలిచింది. మాత్రల ధాటికి వేలికొసల చర్మం పొరలు పొరలుగా ఊడి నున్నగా తేలింది. మెల్లగా మామూలవుతుందని డాక్టర్ చెప్పాడు కానీ, ఆ సంగతి మెషిన్‌కి చెప్పినవాళ్ళు లేరు.

సెక్యూరిటీ బాబాయ్ కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. "తొలకరమ్మా! వచ్చేశావా తల్లీ! ఎంత చిక్కిపోయావు! నాన్న మోకాలి నొప్పి తగ్గిందా?" అని సంబరంగా అడిగి, అంతలోనే గొంతు సవరించుకుని, "ఇంతకీ మీరెవరు?" అన్నాడు.

"బాబాయ్!"

"నాకు తెలుసమ్మా. రూల్‌కి తెలీదు. మెషిన్ ఒప్పుకోకపోతే విజిటర్ కిందే లెక్క. ఎవర్ని కలవాలి?"

"షవర్ ల్యాబ్‌లో టెస్టర్‌ని."

"అంటే?"

"నన్నే. నన్ను కలవడానికి నేనే వచ్చాను."

బాబాయ్ ఫోన్ తీసి ల్యాబ్‌కి కలిపాడు. అవతల మోగి మోగి ఆగింది. "ఎత్తట్లేదమ్మా. ఆవిడ సీట్లో లేనట్టుంది."

"ఎలా ఉంటుంది బాబాయ్, ఇక్కడుంటే!"

"అదీ నిజమే" అని ఆయన తల గోక్కుని మెషిన్ బాగుచేసే కుర్రాడికి ఫోన్ చేశాడు.

ఆ కుర్రాణ్ణి గేటు దగ్గర అందరూ వేలిముద్ర అని పిలుస్తారు. ఇంజనీరింగ్ పాసైన మనిషికి అలాంటి పేరు తగులుకోవడం అన్యాయమే. మొదట్లో గింజుకున్నాడు. ఇప్పుడు ఫోన్‌లో తనే "వేలిముద్రని మాట్లాడుతున్నా" అంటున్నాడు.

చేతిలో స్క్రూడ్రైవర్, చెవి మీద పెన్సిల్‌తో వచ్చాడు. వచ్చీ రాగానే, "చేతులు శుభ్రంగా కడుక్కున్నారాండీ?" అన్నాడు.

తొలకరికి ఒళ్ళు మండింది. "మీరు పళ్ళు తోముకున్నారా?"

"తోముకున్నానండీ. ఎందుకు?"

"ఊరికే. పొద్దున్నే మనుషుల్ని ఇలా పలకరించాలేమో అనుకున్నా."

అతను నాలుక కరుచుకుని, ఆమె బొటనవేలిని వెలుతురులోకి పెట్టి చూశాడు. "ఇదేంటండీ, గీతలే లేవు! మీరు కొంపదీసి... దొంగతనాలవీ..."

"అవును. బ్యాంకు కొల్లగొట్టి అటునుంచటే డ్యూటీకి వచ్చా." తొలకరి వేలు వెనక్కి లాక్కుంది. "క్యాన్సర్. రొమ్ముకి. ఆ మాత్రలకి వేళ్ళు ఇలా అయ్యాయి."

అని, అలవాటుగా ఎదురుచూసింది. ఈ మాట వినగానే జనం మొహాలు ఎలా మారతాయో ఆమెకి కంఠతా వచ్చు. ముందు "అయ్యో" అంటారు, తర్వాత కళ్ళు ఒక్క క్షణం ఆమె గుండెల మీదికి జారి, తప్పు చేసినట్టు గోడ మీదికి ఎగబాకుతాయి.

వేలిముద్ర మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. "ఓహో! అయితే మెషిన్ తప్పు కాదన్నమాట! ఏ మెషిన్ మొరాయించినా మా ఆఫీసువాళ్ళు ఫోన్లు చేసి మరీ తిడతారండీ. చాలా థాంక్సండీ!"

బాబాయ్ తలకొట్టుకున్నాడు. వేలిముద్ర చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... క్యాన్సర్ వచ్చినందుకు కాదండీ... వచ్చిందని చెప్పినందుకు... అదీ కాదు..."

"అర్థమైంది."

"అయితే మధ్యవేలు పెట్టండి."

తొలకరి పెట్టింది. మెషిన్ ఆమెనీ ఎరగనంది, ఆ వేలినీ ఎరగనంది. అయినా ఏడాదిగా ఆమె జబ్బు గురించి విని, మరుక్షణంలో చేయాల్సిన పనిలోకి వెళ్ళిపోయిన మొదటి మనిషి ఇతనే. ఆ సంగతి ఆమెకి మెట్లెక్కుతుంటే తోచింది, మెడలో 'విజిటర్' అని రాసిన ఎర్ర కార్డు వేళ్ళాడుతుండగా.

*

ఆ వారమంతా ఇదే వరస. పొద్దున్నే ఆమె రావడం, అతను ఒక్కో వేలూ పెట్టించడం, మెషిన్ ముక్కు విరవడం. వేళ్ళు అయిపోయాక, మొహం గుర్తుపట్టే కెమెరా బిగించాడు. తొలకరి తలమీది టోపీ తీసి కెమెరా ముందు నిలబడింది.

"స్వాగతం, స్టోర్స్ మేనేజర్ గారూ!" అంది మెషిన్.

ఆ మాటకి తొలకరి కంటే, వెనకే వరసలో నిలబడ్డ మేనేజర్ ఎక్కువ నొచ్చుకున్నాడు. ఆయనకి బట్టతల, బుంగ మీసాలు. "ఏమయ్యా, నాకూ ఆమెకీ పోలికేంటి? నా మీసం ఏమైంది?"

"మీసం లెక్కలోకి తీసుకోదండీ. రోజుకోలా ఉంటుంది కదా" అన్నాడు వేలిముద్ర వినయంగా.

"నాది ముప్పై ఏళ్ళుగా ఒకేలా ఉందయ్యా!"

తొలకరికి నవ్వొచ్చింది. కానీ ల్యాబ్‌లోకి వెళ్ళేసరికి ఆ నవ్వు ఆవిరైంది. అక్కడ అద్దాల గది వెనక షవర్లు ఆమె కోసమే కాచుకుని ఉన్నాయి. వచ్చినప్పట్నుంచీ ఆమె ఆ గదిలో అడుగు పెట్టలేదు. పిడులు తిప్పి చూడటం, బటన్లు నొక్కి చూడటం వంటి పొడి పనులతోనే పొద్దుపుచ్చుతోంది. తడిస్తే బట్టలు ఒంటికి అంటుకుంటాయి. అంటుకుంటే, ఎడమ పక్కన ఉన్నది తనది కాదని లోకమంతటికీ తెలిసిపోతుంది.

అక్కడున్నది అమ్మ కుట్టిన మెత్త. ఆసుపత్రివాళ్ళు చెప్పిన సిలికాన్‌ది ఒంటికి పడక, ఒరుసుకుని మండుతుంటే, అమ్మే గుడ్డలో పత్తి కుక్కి కుట్టింది. అమ్మకి ఆశ కాస్త ఎక్కువ. దేవుడిచ్చినదానికంటే పెద్దదే కుట్టింది. అది తొడుక్కుని బయటికొస్తే బంధువులంతా "అచ్చం మునుపటిలాగే ఉన్నావే!" అని మెచ్చుకుంటారు. ఆ మాట విన్న రోజు తొలకరి అద్దం వైపు చూడకుండా పడుకుంటుంది.

ఆ రోజు ల్యాబ్ ఇన్‌చార్జ్ మేడమ్ ఒక వింత గొడుగు తెచ్చింది. రెండు పిడులు, కింద ఇద్దరు పట్టేంత వెడల్పు.

"జంట గొడుగు. రేపటికల్లా రిపోర్టు కావాలి. ఇద్దరు మనుషులు నిలబడి టెస్ట్ చేయాలి. తొలకరీ, ఇక తప్పించుకోకు. రెయిన్‌కోటు వేసుకో."

"రెండో మనిషెవరు మేడమ్?"

మేడమ్ చుట్టూ చూసింది. తలుపు పక్కన వేలిముద్ర, తొలకరి కాలివేళ్ళు కూడా ఒకసారి పరీక్షిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ నిలబడి ఉన్నాడు.

"అదిగో, ఖాళీగా ఉన్నాడు."

ఇద్దరూ లోపలికెళ్ళి చెరో పిడీ పట్టుకున్నారు. షవర్లు తెరుచుకున్నాయి. గాలి ఫ్యాన్లు ఊపందుకున్నాయి. వాన మొదలైంది.

"మీ వైపు కొంచెం వంచండి" అంది తొలకరి.

"వంచితే మీరు తడుస్తారండీ."

"టెస్టండీ ఇది! సినిమా కాదు. వంచండి!"

అతను కంగారులో పిడిని అటు తిప్పబోయి ఇటు తిప్పాడు. గొడుగు ఫట్‌మని వెనక్కి విరుచుకుంది. గాలికి తొలకరి రెయిన్‌కోటు బటన్లు వరసగా ఊడిపోయాయి. వాన మొత్తం ఆమె గుండెల మీదే కురిసింది. పత్తి మెత్త ఎన్నాళ్ళ దాహమో తీర్చుకున్నట్టు నీళ్ళు తాగి తాగి, బరువెక్కి, మెల్లగా కిందికి ప్రయాణం కట్టింది.

తొలకరి రాయిలా నిలబడిపోయింది. ఏ క్షణానికి భయపడి ఇన్నాళ్ళూ ఈ గది గడప తొక్కలేదో, ఆ క్షణం రానే వచ్చింది.

వేలిముద్ర ఆమె నడుము దగ్గర ఉబ్బుతున్నదాన్ని చూసి, ఫ్యాన్ల హోరుని మించి అరిచాడు. "మేడమ్! మీ పర్సు జారుతోందండీ!"

"ఏంటీ?"

"పర్సండీ! మా నాయనమ్మ కూడా అక్కడే పెట్టుకుంటుంది! పట్టుకోండి, నోట్లు తడిసిపోతాయి!"

తొలకరి అతని మొహంలోకి చూసింది. నీళ్ళు కారుతున్న కనుబొమ్మలు, ఆ కళ్ళలో నోట్ల గురించి నిజమైన ఆందోళన. ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత ఆమె గోడకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

"పర్సు కాదండీ... రొమ్ము."

"ఆఁ?"

"నాది తీసేశారు. ఇది మా అమ్మ కుట్టింది." ఆమె చొక్కా అంచు కిందినుంచి మెత్తని బయటికి లాగి, రెండు చేతులా పిండింది. నీళ్ళు ధారగా కారాయి.

వేలిముద్రకి ఏమనాలో తోచలేదు. తోచకపోతే ఊరుకునే రకం కాదు. "చాలా నీళ్ళు పట్టిందండీ" అన్నాడు. ఒంగి మెత్తని పరీక్షగా చూసి, "కుట్టు గట్టిది. ఎక్కడా ఊడలేదు" అని కూడా చేర్చాడు.

అద్దం అవతల్నుంచి మేడమ్ మైకులో అరిచింది. "తొలకరీ! రిజల్టేంటి?"

"ఫెయిల్ మేడమ్!"

"ఎందుకని?"

"రెండో మనిషికి నోరెక్కువ!"

*

ఆ తర్వాత ఇద్దరూ క్యాంటీన్లో టీ తాగడం అలవాటైంది. అతను సీరియస్‌గా ఏదో చెప్పబోయి తప్పుగా చెప్పడం, ఆమె దాన్ని పట్టుకుని ఆడించడం. మెత్త పెట్టుకోని రోజున ఆమె ఎదురుగా కూర్చుంటే, అతని కళ్ళు ఆమె కళ్ళ దగ్గరే ఉండేవి. గోడ మీదికి పారిపోయేవి కావు.

అంతా సవ్యంగా ఉన్న సమయంలో వేలిముద్ర ఒక ఘనకార్యం చేశాడు.

రోజూ ఆమె మెడలో ఎర్ర కార్డు చూడలేక, మెషిన్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆమె పేరు తొలకరి అనే రాసి, దాని పట్టుదలని బాగా తగ్గించాడు. తొలకరి ఎవరో మెషిన్ సులువుగా ఒప్పుకోవాలని అతని ఉద్దేశం. మెషిన్ అంతకు మించి ఒప్పుకుంది. మర్నాడు పొద్దున తొలకరి వేలు పెట్టగానే, "స్వాగతం, తొలకరి!" అంది. ఆమె గుండె గంతేసింది. కళ్ళు చెమర్చాయి.

వెనకే స్టోర్స్ మేనేజర్ వచ్చాడు. "స్వాగతం, తొలకరి!"

ఆయన వెనక డ్రైవర్లు, ప్యాకింగ్ అమ్మాయిలు, సెక్యూరిటీ బాబాయ్. అందరూ తొలకరే. గోడ మీంచి దూకి కెమెరా ముందు ఒళ్ళు విరుచుకున్న పిల్లి కూడా తొలకరే.

మధ్యాహ్నానికి గొడవ ముదిరింది. కంపెనీ మొత్తంలో తొలకరి ఒక్కతే పనిలోకి వచ్చిందని, మిగతా అందరూ సెలవని మెషిన్ క్యాంటీన్‌కి కబురంపింది. క్యాంటీన్‌వాళ్ళు నమ్మకంగా ఒక్క భోజనం వండారు. ఆకలితో ఉన్న జనం ఆ ఒక్క ప్లేటు చుట్టూ చేరి, తొలకరి వైపు గుర్రుగా చూశారు.

ఆమె ప్లేటు ముట్టుకోకుండా సరాసరి గేటు దగ్గరికి వచ్చింది. వేలిముద్ర స్టూలెక్కి మెషిన్ మూత విప్పుతున్నాడు.

"దిగండి" అంది.

దిగాడు.

"తమాషాగా ఉందా మీకు?"

"మిమ్మల్ని రోజూ విజిటర్ అంటుంటే చూడలేకపోయానండీ..."

"ఇంటికెళ్తే అద్దంలో ఎవరో కొత్తమనిషి. నా బట్టలే వేసుకుని, నా వైపే చూస్తూ ఉంటుంది. నేనెవరో నాకే తెలియక చస్తుంటే, మీరు ఊళ్ళోవాళ్ళందర్నీ నన్ను చేసి పెట్టారా? పిల్లి కూడా నేనే! బాబాయ్ కూడా నేనే!"

"నాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నాడు బాబాయ్.

"మీరుండండి బాబాయ్!" ఆమె మెషిన్ వైపు వేలు చూపించింది. "అందరికీ పాత తొలకరి కావాలి. అమ్మకీ కావాలి, చుట్టాలకీ కావాలి, ఆఖరికి ఈ డబ్బాకి కూడా అదే కావాలి. మీకు చేతనైతే దాన్ని తెచ్చిపెట్టండి!"

వేలిముద్ర స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. "తేలేనండీ. నాకావిడ తెలీదు."

తొలకరి ఆగింది.

"అందరూ మీ పాత ఫోటో పక్కన పెట్టుకుని మిమ్మల్ని చూస్తారు. నా దగ్గర ఆ ఫోటో లేదండీ. నేను చూసిన మొదటి తొలకరి మీరే. ఈ ఉంగరాల జుట్టు, ఈ నున్నటి వేళ్ళు, ఈ నోటి దురుసు. మీలో ఏదో తగ్గిందని అందరూ అంటారు. నాకు తగ్గినట్టు అనిపించదు. ఎందుకంటే ఎక్కువగా ఉన్నప్పుడు నేను చూడలేదు." అతను స్టూలు పక్కకి జరిపాడు. "నాకు మీరంటే ఇష్టమండీ. చాలా."

బాబాయ్ ఊపిరి బిగబట్టాడు.

"ఇది మెషిన్ రిపేరులో భాగమా?" అంది తొలకరి చివరికి.

"లేదండీ. ఇది నా సొంతం."

"జబ్బు తిరగబెడితే?"

"నాకు జవాబు తెలీదండీ. ఆసుపత్రిలో క్యూలో నిలబడటం మాత్రం వచ్చు. బాగా నిలబడతాను."

ఆమె అతని చెవి మీది పెన్సిల్ లాక్కుని, "ముందు ఆ మెషిన్ బాగుచేయండి. జనం ఆకలితో చస్తున్నారు" అని వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. "సాయంత్రం ఐదున్నరకి నా పని అయిపోతుంది. నడిచి ఇంటికెళ్తా. దారిలో ఎవరైనా తోడొస్తే కాదనను."

వేలిముద్ర స్టూలెక్కబోయి, స్టూలు లేని చోట కాలు పెట్టాడు.

*

అలా నడిచి నడిచి, ఆ దారిలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయ్యాక, అతని అమ్మానాన్నలు పెళ్ళి మాటకి తొలకరి వాళ్ళింటికి వస్తామన్నారు.

ఆ రోజు పొద్దున్నే తొలకరి వాళ్ళమ్మ కొత్త మెత్త పట్టుకొచ్చింది. ఈసారి నీళ్ళు పీల్చకుండా లోపల ప్లాస్టిక్ వేసి కుట్టింది. కదిలితే కరకరమంటోంది.

"వద్దమ్మా" అంది తొలకరి.

"ఒక్కరోజుకే. వాళ్ళ కళ్ళకి నిండుగా కనపడాలి కదే."

"వాళ్ళ కళ్ళకా, నీ కళ్ళకా?"

అమ్మ మంచం మీద కూలబడింది. "నాకే" అంది. "నిన్ను కన్నది నేను. అన్నీ అమర్చి పంపించాను. ఒకటి తక్కువగా తిరిగొచ్చావు. నిన్ను అలా చూసినప్పుడల్లా నేనే ఏదో సరిగ్గా చెయ్యలేదనిపిస్తుంది. అందుకే కుడతాను."

తొలకరి పక్కన కూర్చుని అమ్మ చేతిలోంచి మెత్త తీసుకుంది. "నువ్వన్నీ సరిగ్గానే చేశావమ్మా. నేను తిరిగొచ్చాను చూడు. అది లెక్కపెట్టుకో." చొక్కా తొడుక్కుని, అద్దంలోకి చూసింది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. కొత్తమనిషి కూడా ఆమెని చూసింది. ఇద్దరూ ఒకరికొకరు అలవాటు పడుతున్నట్టే ఉంది. "పద, వాళ్ళొస్తారు."

అతని అమ్మ బస్ కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. గుమ్మంలోకి వస్తూనే "లోపలికి జరగండి, దారి వదలండి" అని తొలకరి నాన్నతో సహా అందర్నీ వరసగా సోఫాల్లో సర్దింది. అతని నాన్న గడియారాలు బాగుచేస్తాడు. గోడ గడియారం కాస్త వెనకపడి నడుస్తోందని గమనించి, అదే చూస్తూ కూర్చున్నాడు.

టీ వచ్చింది. కండక్టరమ్మ కప్పు కింద పెట్టింది. "మావాడు అంతా చెప్పాడమ్మాయ్. కానీ వాడు ఏది చెప్పినా సగం తప్పే ఉంటుంది. నువ్వు చెప్పు."

తొలకరి చెప్పింది. ఎప్పుడు తెలిసిందో, ఏం తీసేశారో, ఏ మందులు వాడారో. ఎక్కడా తల దించలేదు.

"మళ్ళీ వస్తుందా?"

"రాకపోవచ్చండీ. రావచ్చు కూడా. డాక్టర్లు గట్టిగా చెప్పరు. పరీక్షలకి వెళ్తూ ఉండాలి."

కండక్టరమ్మ కప్పుని పక్కకి జరిపింది. ఆమె కళ్ళు ఒక్కసారి కొడుకు వైపు వెళ్ళాయి. వాడు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పరీక్ష రిజల్టు కోసం చూస్తున్న పిల్లాడిలా ఉన్నాడు. తొలకరి వాళ్ళమ్మ గుమ్మంలో బిస్కెట్ల ప్లేటుతో అలాగే నిలబడిపోయింది.

"ఏ పక్క అన్నావూ?" అంది కండక్టరమ్మ.

"ఎడమ పక్కండీ."

"ఇంకా నొప్పి ఉంటుందా?"

"మామూలుగా ఉండదండీ. ఏదైనా తగిలితే జివ్వుమంటుంది."

కండక్టరమ్మ గట్టిగా నిట్టూర్చి, సోఫాలో ముందుకి జరిగింది. "అయితే ఒక మాట చెప్తా, గుర్తుపెట్టుకో. వీడు నిద్దట్లో చేతులూ కాళ్ళూ విసురుతాడు. చిన్నప్పుడు పక్కలో వేసుకుంటే నా ముక్కు పగలగొట్టాడు. వీణ్ణి ఎప్పుడూ నీ కుడి పక్కనే పడుకోమను. ఎడమ పక్కకి ఛస్తే రానివ్వకు."

ఇద్దరు నాన్నలకీ ఒకేసారి సీలింగ్ ఫ్యాన్‌లో ఏదో గొప్ప విశేషం కనిపించింది. వేలిముద్ర "అమ్మా..." అని మూలిగి మొహం కప్పుకున్నాడు. గుమ్మంలో తొలకరి వాళ్ళమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు కానీ, చేతిలో బిస్కెట్లు మాత్రం ఒక్కొక్కటే నేల రాలుతున్నాయి.

తొలకరి బుగ్గలు కాలిపోతున్నాయి. అయినా కండక్టరమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది.

"అలాగే అత్తయ్యా" అంది.